నారాయణమ్మ తీసేసే కిలోన్నర

శీతకాలం వచ్చిందంటే కలకత్తా మనిషి రెండు కిలోలు బరువెక్కుతాడు. తిండి వల్ల కాదు, ఉన్ని వల్ల. గాలి కాస్త చల్లబడిందో లేదో ట్రంకుపెట్టెలు తెరుచుకుంటాయి, వీధి వీధంతా నాఫ్తలీన్ ఉండల వాసన కొడుతుంది. కళ్లూ ముక్కూ మాత్రం కనబడేటట్టు కోతి టోపీ, మెడకు మఫ్లరు, లోపలొక స్వెట్టరు, పైనొక స్వెట్టరు, వాటన్నిటి మీదా శాలువా. మంచుకొండల్లో కాపలా కాసే సిపాయికి కూడా అంత సరంజామా ఉండదు. ఈమాత్రం చలికి ఇంత హంగామా ఏమిటని పై ఊళ్లవాళ్లు నవ్వుతారు. నారాయణమ్మ నవ్వదు. ఆమెకు ఆ ఉన్నితోనే పని.

భవానీపూర్‌లో ఒక పాత ట్రస్టు ఆసుపత్రి ఉంది. దాని మూడో అంతస్తులో డయాలసిస్ గది. ఎనిమిది మంచాలు, ఎనిమిది యంత్రాలు, తలుపు పక్కన ఒక తూకం. ఆ తూకం దగ్గర పందొమ్మిదేళ్లుగా నిలబడ్డ ఆయా నారాయణమ్మ. బెంగాలీవాళ్లు ఆమెను 'మాషీ' అంటారు, అంటే పిన్ని. మనిషి చిన్నది, నోరు పెద్దది. బెంగాలీ మాట్లాడినా హిందీ మాట్లాడినా ఆమె గొంతులో శ్రీకాకుళమే పలుకుతుంది. అందుకని ఆమె ఏ భాషలో అన్న మాటైనా ఇక్కడ ఒక్క తీరుగానే వినబడుతుంది.

కిడ్నీలు చెడిపోయినవాళ్లకు ఒంట్లో నీరు నిలిచిపోతుంది. వారానికి మూడుసార్లు యంత్రం మీద పడుకోబెట్టి ఆ నీరు లాగేస్తారు. ఎంత లాగాలి? నీరు లేనప్పుడు ఆ మనిషి ఉండవలసిన అసలు బరువు ఒకటి డాక్టరు రాసిపెడతాడు. ఇవాళ వచ్చిన బరువులోంచి అది తీసేస్తే ఎంత మిగిలితే అంత. తక్కువ లాగితే ఊపిరాడదు. ఎక్కువ లాగితే రక్తపోటు పడిపోతుంది, పిక్కలు కొయ్యబారిపోతాయి. కాబట్టి ఆ గదిలో మందులకంటే ముందు తూకం.

మరి శీతకాలంలో? ఒంట్లోని రక్తం గొట్టాల్లోకి వెళ్లి తిరిగివస్తూ ఉంటే మనిషికి చలి ఎముకల్లోకి దిగుతుంది. అటువంటివాణ్ణి పట్టుకుని బట్టలు విప్పి తూకం ఎక్కమంటే డిసెంబరులో ఒక్కడూ ఎక్కడు. స్వెట్టరు చెయ్యి నిలువునా కత్తిరించి, సూది వేసే చోట బొత్తాలు కుట్టించుకుని వస్తారు గాని విప్పరు. అందుకని నారాయణమ్మ తన దారి తను చూసుకుంది. ఏటా ఉన్ని బయటికొచ్చిన మొదటి రోజున ఒక్కొక్కరి చేతా ఆ ఒక్కసారికి మాత్రం ఉన్ని విప్పించి, ఆ మూట చేతిలోకి తీసుకుని, ఒకసారి పైకీ కిందకీ ఊపి, అంకె మనసులో వేసుకునేది; తరవాత బట్ట మారితే కొస పట్టి చూసి అంకె మార్చుకునేది. ఆ తరవాత సిస్టర్ బీథికా తూకం చూసి "అరవై రెండు" అనగానే వెనకనుంచి "కిలోన్నర తియ్యి, దిదీ" అనేది. సిస్టర్ అరవైన్నర అని రాసేది. తీసివేత గాలిలోనే జరిగిపోయేది. కాగితం మీద ఎప్పుడూ పడలేదు.

చేతితో బరువు చెప్పడం ఆమెకు ఆసుపత్రిలో రాలేదు. మూడో తరగతి చదువు మధ్యలో మానేసి, పదిహేనేళ్లకు సోములు భార్యగా ఈ ఊరొచ్చింది. సోములు కార్పొరేషన్‌లో మురుగుకాలవల పని. వచ్చిన ఏడాదికే నారాయణమ్మ నెత్తిన గంప పెట్టుకుంది. గంప నిండా స్టీలు గిన్నెలు. పాత చీరలూ స్వెట్టర్లూ తీసుకుని గిన్నెలిచ్చే బేరం. భవానీపూర్ ఇల్లాళ్లతో ఆ బేరం ఆడినదానికి ఇంకే చదువూ అక్కర్లేదు. గుడ్డ చేతిలో పడగానే బరువు తెలియకపోతే గిన్నె పోయినట్టే. పదేళ్లలో ఆమె చెయ్యే తక్కెడయింది.

అన్నట్టు, ఆ రోజుల్లోనే ఒకసారి సోములు యూనియన్‌వాళ్లతో కలిసి ఎర్రజెండా పట్టుకుని ఊరి నడిబొడ్డున ఉన్న ధర్మతలా దాకా నడిచింది. కంప్యూటర్లు రాకూడదని ఊరేగింపు. కంప్యూటరు అంటే రోడ్డు రోలరులాంటిదేమో అనుకుంది ఆమె. అందరికంటే గట్టిగా మాత్రం ఆమే అరిచింది.

రెండువేల ఎనిమిదిలో ఆ కంప్యూటరు మూడో అంతస్తు మెట్లెక్కి ఆమె దగ్గరికే వచ్చింది. ఆసుపత్రివాళ్లు రోగుల కాగితాలన్నీ అందులో పెట్టే ఏర్పాటు కొన్నారు. దాన్ని ఒక్కో వార్డుకు తగినట్టు కుట్టిపెట్టడానికి ఊరికి తూర్పున సాల్ట్ లేక్‌లో ఉన్న కంపెనీ ఆఫీసు నుంచి రఘురాం అనే ఇంజనీరు వచ్చాడు. తెనాలి అతను. ముప్పై అయిదేళ్లుంటాయి, జుట్టు సగం పోయింది. ఒకరోజు ఫోనులో భార్యతో "చింతపండు కూడా ఇక్కడ తియ్యగానే ఉంటుందే" అని మొత్తుకుంటుంటే వెనకనుంచి నారాయణమ్మ అందుకుంది.

"మంచి సింతపండు గావాలంటే మా ఈదికి రా బావూ. ఫోన్లో ఏడిత్తే పులుపొత్తాదేటి?"

రఘురాం ఫోను జారవిడిచినంత పని చేశాడు. "అమ్మా, మీరు తెలుగువారా!"

"మరేటి. నీ తెలుగే తెలుగనుకున్నావా? రేడియోలో వార్తలు సదివినట్టు మాట్లాడతన్నావు."

అప్పటినుంచి అతను టీ తాగడానికి తూకం పక్కన బల్ల మీదికే వచ్చేవాడు. గోడకు పెద్ద తెర ఒకటి బిగించాడు. దాన్ని డాష్‌బోర్డు అన్నాడు. మంచానికొక గడి చొప్పున ఎనిమిది గళ్లు. గడిలో రోగి పేరు, బరువు, లాగవలసిన నీరు. నీరు మామూలుగా ఉంటే గడి ఆకుపచ్చ, ఎక్కువైతే పసుపు, మరీ ఎక్కువైతే ఎరుపు. చూడ్డానికి బాగానే ఉంది. అక్కడితో ఆగితేనా? డాక్టర్ లాహిరికి పొటాషియం అంకె అన్నిటికంటే పైన కావాలి. సిస్టర్‌కు సూది కుడిచేతికా ఎడమచేతికా అన్నది పైన కావాలి. మేనేజరు నందీ బాబుకు ఎన్ని మంచాలు ఖాళీ అన్నది పైన కావాలి. నెలరోజులపాటు రఘురాం గళ్లు అటు జరిపాడు, ఇటు జరిపాడు.

"అందరికీ అన్నీ పైనే కావాలమ్మా. కింద ఉండటానికి ఏదీ ఒప్పుకోవడం లేదు" అన్నాడు ఒకరోజు నీరసంగా.

"కింద ఉండడానికి మేం నేమేటి? మమ్మల్ని పెట్టు" అంది నారాయణమ్మ.

నవ్వుతూ అన్న మాట నవంబరు ఆఖరున నిజమై కూర్చుంది. తూకానికి రఘురాం అప్పటికే ఒక తీగె తగిలించాడు. మనిషి ఎక్కగానే అంకె తనంతట తనే తెర మీదికి పోతుంది. చదివేవాళ్లు అక్కర్లేదు, రాసేవాళ్లు అక్కర్లేదు. వానాకాలం చివర్లో, దుర్గాపూజల రోజుల్లో పరీక్షించి చూస్తే ఒక్క తప్పు లేదు. నందీ బాబు సంతోషించి కాగితం పంపాడు. డిసెంబరు ఒకటి నుంచి నారాయణమ్మ కింది అంతస్తులో దుప్పట్ల గదికి. జీతం అదే.

"జీతం అదే అయితే బాధేటే?" అన్నాడు సోములు ఆ సాయంత్రం.

"నీకేటి తెలుసు. ఇరవై రెండేళ్లు నువ్వు కాలవలో దిగినావు, కాలవ నీతో మాటాడిందా? నాకు అక్కడ మనుషులున్నారు."

కాలవ సంగతి ఎత్తినప్పుడు ఆమెతో వాదించి గెలవలేనని సోములుకు తెలుసు.

ఆమె అన్నది నిజమే. దుప్పట్ల గదిలో మడతలే గాని మనుషులు లేరు. మాట అంటే తిరిగి మాట అనేవాళ్లు లేరు. నిన్న ఎన్ని గ్లాసులు నీళ్లు తాగావని ఎవరినీ నిలదీయడానికి లేదు. యాభై ఎనిమిదేళ్లు వచ్చాయి, ఇంకో రెండేళ్లు ఉద్యోగం. ఆ రెండేళ్లూ దుప్పట్లు లెక్కబెట్టుకుంటూ పోవాలా, తన తూకం దగ్గర నిలబడి పోవాలా అన్నది ఒక్కటే ఆమెకు పట్టుకుంది. అయితే ఎవరినీ అడగలేదు. అడిగితే నారాయణమ్మ ఎందుకవుతుంది? నా అంతట నేను ఆ మెట్లెక్కనని సోములు ముందర ఒట్టు పెట్టుకుంది.

ఆ ఏడు డిసెంబరు రెండో వారం దాకా చలి రాలేదు. ఒక శుక్రవారం పొద్దున్న ఉత్తరపు గాలి వీచింది. ఊరంతా ఒక్కసారిగా ఉన్నిలో దూరింది. తొమ్మిదింటికి దుప్పట్లు కావాలని మూడో అంతస్తునుంచి కబురొచ్చింది. లిఫ్టు మనిషి చేత పంపించేయవచ్చు. నారాయణమ్మ పంపలేదు. తను లేకుండా ఆ గది ఎలా ఏడుస్తుందో ఒకసారి చూద్దామని తనే ఎత్తుకుని బయలుదేరింది. పిలిచారు గనక ఒట్టు తప్పినట్టు కాదని మెట్ల మీద సర్దిచెప్పుకుంది.

లోపలికి అడుగు పెట్టేసరికి గోడ మీది తెర మిరపకాయలు ఆరబోసినట్టు ఎర్రగా ఉంది. ఎనిమిదిలో ఆరు ఎరుపు, రెండు పసుపు. సిస్టర్ బీథికా ఫోనులో డాక్టర్‌ను త్వరగా రమ్మంటోంది. యంత్రాలు నడిపే తాపస్ ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పరుగెడుతున్నాడు. మూడో మంచం మీద ఘోషాల్ మాష్టారు. ఒకప్పుడు బడిపంతులు, డెబ్బై దగ్గర పడ్డ బక్కమనిషి. గడ్డందాకా శాలువా కప్పుకుని, రెండు పిక్కలూ పట్టుకుని "ఓ మా, ఓ మా" అని మూలుగుతున్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

నారాయణమ్మ దుప్పట్లు నేల మీద పడేసింది.

"ఈయన కాడ ఎంత లాగతన్నావురా?"

"నాలుగు కిలోల రెండు వందలు, మాషీ. తెర అదే చెబుతోంది."

"అందులో కిలోన్నర నీలు కాదురా నాయనా, గొర్రెబొచ్చు! ఆపు ముందు!"

తాపస్ సిస్టర్ వైపు చూశాడు. సిస్టర్‌కు ఆ క్షణంలో వెలిగింది. పందొమ్మిది చలికాలాలు వెనకనుంచి వినబడ్డ గొంతు ఈ పొద్దున్న వినబడలేదు. ఫోను కింద పెట్టేసి "మాషీ చెప్పినట్టు చెయ్యి" అంది.

నీరు లాగడం ఆపారు. కాళ్లు ఎత్తి పెట్టారు, సెలైన్ ఎక్కించారు. నారాయణమ్మ మంచం మంచానికీ నడిచి, కప్పుకున్నది చేత్తో పట్టి చూసి చెప్పుకుంటూ పోయింది. ఒకటో మంచానికి తొమ్మిదివందలు. రెండుకు కిలో. నాలుగుకు రెండు కిలోలు, "ఈవిడ కోడలు కొండల్లోంచి తెచ్చిన కంబలి కప్పుకొచ్చినాది." ఆరుకు అయిదువందలే, "మంచి పశ్మీనా, ఆకులాగుంటాది." తాపస్ ఆ ప్రకారం ఒక్కో యంత్రం తగ్గించాడు. పావుగంటకు మాష్టారి మొహంలోకి రంగు వచ్చింది.

"ఎక్కడికి పోయావు, మాషీ?" అన్నాడు నీరసంగా.

"ఉతికిన గుడ్డల కాడికి పంపినారు బాబూ. అక్కడ ఎవులూ చచ్చే పని నేదు."

ఆ మాట అప్పుడే లోపలికొచ్చిన డాక్టర్ లాహిరి విన్నాడు. వినాలనే అంది.

గంటలో రఘురాంను పిలిపించారు. అతను కూడా రెండో చలికాలానికే కోతి టోపీకి లొంగిపోయాడు. మేనేజరు, డాక్టరు, సిస్టర్ ముగ్గురూ చుట్టూ చేరి అతన్ని దులిపేశారు. అతను చేతులు కట్టుకుని నిలబడి ఒకటే మాట అన్నాడు.

"మూడేళ్ల కాగితాలు చూసి చేశాను సార్. శీతకాలంవీ చూశాను. ఎక్కడా తీసివేత లేదు. బరువు అని ఒకటే అంకె ఉంది."

డాక్టరుకూ తెలియదు ఆ సంగతి. సిస్టర్ తల వంచుకుంది. అందరూ నారాయణమ్మ కోసం చూసేసరికి ఆమె అక్కడ లేదు. పిలిస్తే వచ్చింది, పని అయింది, కిందికి పోయింది.

రఘురాం మెట్లు దిగి దుప్పట్ల గదికి వచ్చాడు. నారాయణమ్మ తల ఎత్తలేదు. దుప్పటి రెండో కొస అతని చేతిలో పెట్టింది. అతను తప్పు వైపు మడిచాడు. లాక్కుని మళ్లీ ఇచ్చింది.

"అమ్మా, ఈ లెక్క నాకు ముందే ఒక్కమాట చెప్పి ఉండొచ్చుగా."

"నువ్వడిగినావా? సిస్టర్ని అడిగినావు, డాక్టర్ని అడిగినావు, మేనేజర్ని అడిగినావు. నా పక్కన కూకోని రోజూ టీ తాగినావు, నువ్వేటి సేత్తావమ్మా అని ఒక్క దినం అడిగినావా?"

రఘురాం అడగలేదు మరి. ఆమె చేసేది పనిలా కనబడలేదు అతనికి. వెనక నిలబడి ఏదో అంటూ ఉంటుందనుకున్నాడు.

"తప్పే" అన్నాడు. "సరే, ఇప్పుడు సరిచేస్తాను. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి, మూడు నెలలూ అందరికీ కిలోన్నర తగ్గించేటట్టు పెట్టేస్తాను."

నారాయణమ్మ దుప్పటి వదిలేసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"నీకు బుర్రుందా? పశ్మీనాకీ కంబలికీ ఒకటే లెక్కా? ఈ దినం పెల్లాం శాలువా కప్పుకొత్తాడు, ఎల్లుండికి కొడుకు కోటు తొడుక్కొత్తాడు. మద్దేనం ఎండొచ్చిందంటే మఫ్లరు తీసి పెల్లాం చేతిలో పెడతాడు. నువ్వు మూడు నెలలకీ ఒక అంకె ఏసి ఇంటికాడ తొంగుంటావు. ఈ దినం కిలోన్నర ఎక్కువ లాగినారు, రేపు కిలో తక్కువ లాగతారు."

"మరి మీ తలలో ఉన్నది తెర మీదికి ఎలా తేవాలమ్మా?"

"నన్ను పైకి తెత్తే అదే వొత్తాది."

సోమవారం నాడు డాక్టర్ లాహిరి పరీక్ష పెట్టాడు. ఆయనకు నారాయణమ్మ మీద కోపం లేదు, నమ్మకమూ లేదు. చేతితో ఊపి చెప్పే అంకెను రోగి ప్రాణానికి ఎలా ముడిపెడతానన్నది ఆయన సందేహం. న్యాయమైన సందేహమే. గదిలో రెండు హీటర్లు పెట్టించి, ఎనిమిదిమందినీ ఒక్క రెండు నిమిషాలు ఉన్ని విప్పమని బతిమాలాడు. నారాయణమ్మ ముందు చేత్తో చూసి అంకె చెప్పాలి. ఆ తరవాత అదే మూటను తూకం మీద పెడతారు. నందీ బాబు కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆమె తప్పితే దుప్పట్ల గది ఖాయమని అతను నిలుచున్న తీరే చెబుతోంది.

మొదటి మూట. "తొమ్మిదొందలు." తూకం తొమ్మిదివందల ఇరవై అంది. రెండోది కిలో అంది, తూకంలో కిలోకు ముప్పై గ్రాములు తక్కువ. కంబలి దగ్గర సరిగ్గా రెండు కిలోలు. ఒకటి తరవాత ఒకటి ఏడు మూటలు అయ్యాయి. ఎక్కడా తేడా యాభై గ్రాములు దాటలేదు. తాపస్ చప్పట్లు కొట్టబోయి మేనేజర్‌ను చూసి ఆగాడు. ఆఖరికి ఘోషాల్ మాష్టారి మూట. శాలువా, చేతుల్లేని స్వెట్టరు, ఉన్ని కోటు అన్నీ కలిపి చుట్ట చుట్టి ఉన్నాయి. నారాయణమ్మ చేతిలోకైనా తీసుకోలేదు. ఎన్నో ఏళ్లుగా ఎరిగిన సరుకు.

"కిలోన్నర."

తూకం మీద పెట్టారు. కిలో తొమ్మిదివందలు.

నందీ బాబు గొంతు సవరించుకున్నాడు. "చూశారా డాక్టర్ బాబూ. నాలుగువందల గ్రాములు. ఇదే తప్పు రోగి మీద జరిగితే?"

నారాయణమ్మ మొహం ఎర్రబడింది. మూట వైపు చూసింది. తరవాత మాష్టారి వైపు చూసింది. మాష్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అక్కడ చూడవలసింది ఏమీ లేదు, ఎదురింటి గోడ తప్ప.

"మాష్టారూ" అంది మెల్లగా. "కోటు జేబులో ఏటున్నాది?"

"ఏమీ లేదు, మాషీ. కళ్లజోడు."

"నాలుగొందల గ్రాముల కళ్లజోడా? ఏనుక్కి కుట్టించినారేటి?"

సిస్టర్ బీథికా జేబులో చెయ్యి పెట్టి అట్టపెట్టె ఒకటి బయటికి తీసింది. మూత తెరవగానే గదంతా కొత్త ఖర్జూరపు బెల్లం వాసన. పది సందేశ్‌లు ఉండవలసిన పెట్టెలో ఎనిమిది ఉన్నాయి. మాష్టారికి పాల మిఠాయి తినొద్దని డాక్టరు రాసి ఇచ్చి ఆరు నెలలయింది.

"శీతకాలం మూడు నెలలే దొరుకుతుంది ఈ బెల్లం" అన్నాడు మాష్టారు చిన్నపిల్లాడిలా. "ఇంట్లో నా కోడలు వాసన కూడా చూడనివ్వదు."

ముందు నవ్వింది డాక్టర్ లాహిరి. ఆయన నవ్వాక అందరూ నవ్వారు. నారాయణమ్మ మాత్రం నవ్వలేదు. పెట్టె పక్కన పెట్టించి మూట మళ్లీ తూకం మీద పెట్టించింది. కిలో నాలుగువందల ఎనభై. అది కళ్లారా చూశాక అప్పుడు నవ్వింది, అదీ నందీ బాబు వైపు తిరిగి.

"ఈ అంకె నాకు రోజూ కావాలి" అన్నాడు డాక్టరు రఘురాంతో. "తెర మీద విడిగా కనబడాలి. తూకం ఎంత చెప్పింది, ఈమె ఎంత తీసేసింది, రెండూ. ఎవరు తీసేశారో పేరుతో సహా."

రఘురాం అక్కడే కూర్చుని మొదలుపెట్టాడు. బరువు గడి కింద ఇంకో చిన్న గడి తెరిచి, తక్కిన గళ్లలాగే బెంగాలీలో దానికి 'ఉన్ని' అని పేరు పెట్టాడు. అందులో అంకె వేస్తేనే లాగవలసిన నీరు తేలుతుంది, అంతదాకా గడి బూడిద రంగులోనే ఉంటుంది. ఇంతవరకూ సులువే. చిక్కు ఆ తరవాత వచ్చింది. అంకె వేసే మనిషికి కంప్యూటరులో చోటుండాలి. ఎవరెవరికి చోటుందో అందులో ఒక జాబితా ఉంది. డాక్టరు, నర్సు, టెక్నీషియను, గుమాస్తా, మేనేజరు. ఆయా లేదు.

"ఆయా చేతికి కంప్యూటరా?" అన్నాడు నందీ బాబు. "నర్సు పేరు మీద వేసేయండి."

"నర్సు చెప్పే అంకె కాదుగా సార్ ఇది" అన్నాడు రఘురాం.

మామూలుగా అతను మేనేజర్లకు ఎదురు చెప్పేవాడు కాదు. నెలంతా గళ్లు జరిపినవాడు, ఎవరేమన్నా సరే సార్ అన్నవాడు. ఆ మధ్యాహ్నం సాల్ట్ లేక్‌కు మూడు ఫోన్లు చేసి, తన పెద్దల అనుమతి తెప్పించుకుని, జాబితాలో ఆరో పేరు చేర్చాడు. నారాయణమ్మకు ఒక సంకేతం కావాలన్నాడు, మరెవరికీ చెప్పకూడనిది. ఆమె అతని చెవిలో నాలుగు అంకెలు చెప్పింది. అవేమిటో ఇవాళ్టికీ సోములుకు కూడా తెలియదు.

బుధవారం పొద్దున్న ఏడున్నరకు నారాయణమ్మ తన తూకం దగ్గర నిలబడింది. అంకెలు ఆమెకు వచ్చు, ఏ భాషవైనా. కుడిచేతి చూపుడువేలొకటే వాడింది. మీట నొక్కాక తెర వైపు, ఏం చేస్తావో చూస్తానన్నట్టు చూసేది. ఒక్కో మనిషీ ఎక్కడం, ఆమె శాలువా కొస పట్టుకోవడం, వేలు నొక్కడం, బూడిద రంగు గడి పచ్చబడటం. ఏడు గళ్లు పచ్చబడ్డాయి. మాష్టారిది పసుపు దగ్గర ఆగింది.

"ఇది ఉన్ని కాదు మాష్టారూ. ఇది మొన్నటి నుంచి తాగిన నీలు. ఎన్ని గలాసులు?"

"నాలుగు... అయిదు అనుకో."

"నాకాడా అబద్దాలు?"

"ఎనిమిది, మాషీ."

తాపస్‌కు అయిదో మంచం దగ్గర పని ఉన్నా వింటూ నిలబడిపోయాడు. రెండు వారాలుగా ఆ గదిలో యంత్రాల చప్పుడు తప్ప మరొకటి లేదు. ఇప్పుడు పక్క మంచాలవాళ్లు కూడా మాష్టారిని ఆటపట్టిస్తున్నారు.

తొమ్మిది గంటలకు నందీ బాబు వచ్చాడు. తెర చూశాడు. పచ్చగా ఉన్న తెరలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. అయినా మేనేజరు గదా, ఉత్త చేతులతో ఎలా పోతాడు?

"బాగుంది, మాషీ. శీతకాలం గడిచేదాకా ఇక్కడే ఉండు. ఫాల్గుణంలో ఉన్ని పెట్టెల్లోకి పోతుంది కదా, అప్పుడు మళ్లీ దుప్పట్ల గదికి."

నారాయణమ్మ చూపుడువేలు గాలిలోనే ఆగింది.

"బాబూ, ఫాల్గునం తరవాత ఏటొత్తాది?"

"ఎండాకాలం."

"దాని తరవాత?"

"వానలు."

"జులైలో మన గేటు కాడ మోకాల్దాకా నీలు నిలుత్తాయి. ఆ నీళ్లలో ఈదుకుంటా వొత్తారు ఈల్లందరూ. తడిసిన పంచె ఎంత తూగతాదో తెలుసా మీకు? తడిసిన నూలుచీర? నాలుగు బారల తడిగుడ్డ చుట్టుకొచ్చిన మనిసి కాడ మీ తెర ఎంత నీలు లాగమంటాదో రాసుకోండి, అప్పుడు సూద్దుము."

నందీ బాబు నోరు తెరిచాడు. జులై నెల ఆయన కళ్ల ముందు నిలిచినట్టుంది, మూసేశాడు. ఫాల్గుణం మాట మళ్లీ ఎత్తలేదు. ఆ సాయంత్రం డ్యూటీ పట్టికలో నారాయణమ్మ పేరు డయాలసిస్ కింద రాశాడు, నెల దగ్గర ఏమీ రాయలేదు.

కిటికీ పక్కన కూర్చున్న రఘురాం కంప్యూటర్‌లో 'ఉన్ని' అన్న మాట చెరిపేసి దాని చోట 'బట్టలు' అని రాశాడు. ఎనిమిది గళ్లలోనూ మాట మారిపోయింది. నారాయణమ్మకు బెంగాలీ అక్షరాలు రావు గనక ఆ సంగతి ఆమెకు తెలియలేదు. ఆమె అప్పటికే సాయంత్రం షిఫ్టుకు వచ్చిన మనిషి కోటు కొస పట్టుకుని, జేబులు తడుముతోంది.